స్విచ్ కట్టేయమంటున్నారు సరే, ఆ స్విచ్ ఎక్కడుందో చూశారా? విశాఖ కరెంటు అధికారులకి బహిరంగ లేఖ

విశాఖలో కరెంటు పంపిణీ చూసే అధికారులకి, కేబుల్, డీటీహెచ్ వాళ్ళకి, ఎలక్ట్రికల్ షాపుల వాళ్ళకి, అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లకి,

నమస్కారం. ఎండల్లో, తుఫానుల్లో స్తంభాలెక్కే లైన్‌మన్లంటే నాకు గౌరవం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకటైపోయినప్పుడు వాళ్ళు పడ్డ కష్టం కళ్ళారా చూశాను, కాబట్టి ఇది తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదు. కాకపోతే ఒకే విషయం మీద మూడుసార్లు కాగితం ఇచ్చి ఒక్కసారి కూడా జవాబు రానివాడు రాస్తున్నది, అక్కడక్కడా కాస్త గరుకుగా ఉంటే సర్దుకోండి.

విషయం చిన్నదే. మన ఇళ్ళలో ఆపేశాం అనుకున్న వస్తువులు రాత్రీ పగలూ కరెంటు లాగుతూనే ఉంటాయి, దాన్నే స్టాండ్‌బై అంటారు. దీని గురించి సంక్రాంతి వెళ్ళాక మా సెక్షన్ ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చాను, మార్చిలో ఇంకోటి ఇచ్చాను, ఆ తర్వాత ఒక సోమవారం గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి మూడోది ఇచ్చాను. మొదటిసారి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు లేరు. రెండోసారి అక్కడున్న ఒకాయన కాగితం మొత్తం చదివి "మీటరు బానే తిరుగుతోంది కదండీ, ఇంక మీ ప్రాబ్లం ఏంటి" అన్నారు. ప్రాబ్లం అదే కదా సార్, బానే తిరుగుతోంది, మేం ఇంట్లో అన్నీ ఆపేసినా కూడా తిరుగుతోంది.

ఎలా తెలిసిందో చెప్తాను. జనవరిలో నేను ఏసీ వాడను, ఫ్రిజ్, రెండు టీవీలు, కంప్యూటరు, అంతే, అయినా బిల్లు 250 యూనిట్ల దగ్గరే తిరుగుతోంది, ఏదో లీకేజీ ఉందేమో అని అనుమానం వచ్చింది. ఒకరోజు రాత్రి పన్నెండున్నరకి లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేసి టార్చ్ పట్టుకుని కింద పార్కింగ్‌లో మీటర్ల బోర్డు దగ్గరకి వెళ్ళాను, దోమలకి పిల్లలు లేస్తారు ఐదు నిమిషాల్లో వచ్చెయ్ అని మా ఆవిడ వార్నింగు. మీటరు మీద ఎర్ర లైటు మినుక్కుమంటూ ఉంటుంది చూడండి, మా మీటరు మీద 3200 అని రాసుంది, అంటే 3200 సార్లు మినుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఇల్లంతా ఆపేశాను కాబట్టి అది వెలగకూడదు. నేను ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే పాతిక సెకన్లకోసారి ఠంచనుగా వెలుగుతోంది, ఐదు నిమిషాల్లో పన్నెండుసార్లు. ఈలోగా వాచ్‌మన్ లేచొచ్చి "ఏటి సార్, ఈయేలప్పుడు మీటర్ల కాడ ఏటి సేస్తన్నారు" అన్నాడు, లెక్కపెడుతున్నా అంటే నా వైపు అదోలా చూసి వెళ్ళిపోయాడు.

పాతిక సెకన్లకోసారి అంటే 45 వాట్లు. మీరూ లెక్కేసుకోవచ్చు, మీటరు మీద 3200 అని ఉంటే 1125ని ఆ సెకన్లతో భాగించండి, వచ్చిందే వాట్లు. ఇంట్లో మనిషి మెలకువగా లేడు, బల్బు వెలగట్లేదు, 45 వాట్లు. నెలకి 32 యూనిట్లు. పాతరోజుల్లో అయితే ఇది నలభై వాట్ల బల్బు ఒకటి రాత్రీ పగలూ వెలిగించి వదిలేసినట్టు, మా నాన్నగారు చూస్తే వీపు మోగేది.

ఇక ఎవరు తింటున్నారో పట్టుకోవాలి కదా, ప్లగ్గుకి తగిలించి చూసే చిన్న వాట్ మీటరు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి గది గదికీ తిరిగాను. నేను టీవీలే దొంగలు అనుకున్నాను, తప్పు, ఈమధ్య కొన్న టీవీ ఆపితే అర వాట్ కూడా లేదు. హాల్లో సెట్‌టాప్ బాక్స్ నడుస్తున్నప్పుడు 12 వాట్లు, రిమోట్‌తో ఆపాక 11. మళ్ళీ చదవండి, ఆపాక 11. బయట లైటు పచ్చ నుంచి ఎరుపైంది, అంతే, లోపల ఏమీ ఆగలేదు. బెడ్‌రూంలో ఇంకో బాక్స్ 9. దీపావళి తర్వాత ముట్టుకోని ఏసీ స్టెబిలైజర్ 8, అందులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి ఏసీ ఆగినా అది వేడెక్కుతూనే ఉంటుంది, చెయ్యి పెట్టి చూడండి గోరువెచ్చగా తగుల్తుంది. వైఫై రౌటర్ 7, అది సరే, దాని పని అది చేస్తోంది. కంప్యూటరు, స్పీకర్లు, ప్రింటరు కలిపి 6. మైక్రోవేవ్‌లో గడియారం కోసం 2 (ఆ గడియారం ఎప్పుడూ తప్పు టైమే చూపిస్తుంది). ఫోన్ చార్జర్లు, వాషింగ్ మెషిన్, ఆర్వో, టీవీలు అన్నీ కలిపితే ఇంకో 2. చార్జర్ తీసెయ్ చార్జర్ తీసెయ్ అని పిల్లల్ని ఇన్నాళ్ళూ అరిచింది పావు వాట్ కోసమా అని సిగ్గేసింది.

రౌటర్ని వదిలేసి, టీవీ నిజంగా చూసే నాలుగైదు గంటలూ వదిలేసి, మిగతావి ఆపగలిగితే మా ఇంట్లో నెలకి దగ్గర దగ్గర 22 యూనిట్లు మిగుల్తాయి. ఒక ఇల్లు కాబట్టి చిన్నగా కనిపిస్తోంది. లక్ష ఇళ్ళు, ఇంటికి 30 వాట్లు అనుకోండి, 3 మెగావాట్లు, ఆగకుండా, ఏడాదికి రెండున్నర కోట్ల యూనిట్ల పైమాట. మన గ్రిడ్‌లోకి వచ్చేదాంట్లో పెద్ద భాగం బొగ్గు కరెంటే, యూనిట్‌కి అటూ ఇటూగా ముప్పావు కిలో బొగ్గు, అంటే నా ఇంటి 32 యూనిట్లకే నెలకి ఇరవై కిలోల పైన కాలుతోంది. ఒడిశా తాల్చేరు నుంచి రైళ్ళ మీద పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రానికి వచ్చే ఆ బొగ్గులో దాదాపు మూడోవంతు బూడిదే.

ఇప్పుడు మీరందరూ అనే మాట నాకు తెలుసు, వాడనప్పుడు స్విచ్ కట్టేయండి అంటారు. ప్రతి డిసెంబర్ 14 నుంచి 20 దాకా ఇంధన పొదుపు వారోత్సవాలు చేసి బ్యానర్ల మీద అదే రాస్తారు. నిజమే, అమెరికాలో గోడ ప్లగ్గుకి మామూలుగా స్విచ్ ఉండదు కాబట్టి వాళ్ళకి తనంతట తనే ఆపే స్మార్ట్ బోర్డులు కావాలి, మనకి ప్రతి ప్లగ్గుకీ పక్కనే స్విచ్ ఉంది, ఆ లెక్కన మన గోడలు ముందునుంచీ స్మార్టే. కానీ ఆ స్విచ్ ఎక్కడుంది? కార్పెంటర్ బిగించిన టీవీ యూనిట్ వెనకాల. మా ఇంట్లో అయితే ప్లైవుడ్‌కి అరచెయ్యంత కన్నం పెట్టి అందులోంచి వైర్లు లాగారు, స్విచ్ నొక్కాలంటే ఆ కన్నంలోకి ముంజేయి దాకా దూర్చి తడుముకోవాలి, 68 ఏళ్ళ మా అమ్మ రోజూ రాత్రి ఆ పని చేస్తుందా? ఏసీ స్విచ్ అయితే బీరువా వెనక.

అందుకే స్మార్ట్ ఎక్స్‌టెన్షన్ బోర్డులు అనే దారి వెతికాను, ఇందులో ఒక్కటి బాగా నచ్చింది. ఒక ప్లగ్గు మాస్టర్, మిగతావి దాని వెనక నడిచేవి. మాస్టర్‌లో టీవీ పెడతాం, టీవీ ఆపగానే అది లాగే కరెంటు పడిపోతుంది, బోర్డు లోపల ఉన్న సెన్సర్ అది కనిపెట్టి రిలే (తనంతట తనే పనిచేసే స్విచ్) టక్‌మని వదిలేస్తుంది, సెట్‌టాప్ బాక్సు, సౌండ్‌బార్ పూర్తిగా ఆగిపోతాయి. ఒకటో రెండో ప్లగ్గులు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయి, రౌటర్‌కి అవి. అమ్మ రిమోట్ నొక్కితే చాలు, కన్నంలో చెయ్యి పెట్టక్కర్లేదు. ఒక చిక్కు ఉంది, మనవాళ్ళు టీవీ ఆపమంటే సెట్‌టాప్ రిమోట్ నొక్కి వెళ్ళిపోతారు, టీవీ పాపం సిగ్నల్ లేదు అని నీలం తెర వేసుకుని కూర్చుంటుంది, అప్పుడు మాస్టర్‌కి ఏం తెలుస్తుంది. ఇంట్లో వారం రోజులు ట్రైనింగు ఇచ్చాను.

ఇది విశాఖలో దొరుకుతుందా అంటే, డాబాగార్డెన్స్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా తొమ్మిది షాపులు తిరిగాను. ఏడుగురు స్పైక్ బస్టర్ (వోల్టేజీ ఎగిరితే కాపాడే మామూలు బోర్డు) ఇచ్చి ఇదే అన్నారు. ఇద్దరు వైఫై ప్లగ్గు చూపించారు. వైఫై ప్లగ్గు మంచిదే, టైమర్ పెట్టుకోవచ్చు, కానీ అది ఫోన్ మాట వినడానికి తనే రోజంతా మేలుకుని ఉండాలి, నాది కొలిస్తే ఒక వాట్ తీసుకుంటోంది. పదకొండు వాట్లు తినే బాక్సుకి పెడితే లాభం, అర వాట్ తినే టీవీకి పెడితే పావలా కోడికి ముప్పావలా మసాలా. ఈ ముక్క ఏ షాపులోనూ చెప్పరు. చివరికి మాస్టర్ బోర్డు ఆన్‌లైన్లో వచ్చింది, దానికి విదేశీ ప్లగ్గు, మన మూడు గుండ్రటి పిన్నులకి అడాప్టర్ కావాలి, ఐఎస్ఐ ముద్ర లేదు. వాడుతున్నాను గానీ ఎవర్నీ కొనమని చెప్పలేను.

ఇందులో నష్టపోయేది ఎవరో కూడా రాస్తాను, ఎందుకంటే "వంద రూపాయల గొడవకి ఇంత ఉత్తరమా" అనేవాళ్ళు ఉంటారు.

1. స్లాబు, అంటే వాడకం పెరిగేకొద్దీ పెరిగే రేటు. 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 దాటితే 8.75, 400 దాటితే 9.75. స్టాండ్‌బై యూనిట్లు ఆపితే తగ్గేది పైనున్న ఖరీదైన స్లాబులోంచే. మా 250లో 22 తగ్గితే 192 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు, ట్రూఅప్‌లు (పాత ఖర్చుల తేడా తర్వాత వసూలు చేసేవి) అవన్నీ వేరే.

2. 300 యూనిట్ల గీత. ఇది అసలు విషయం, ఆఫీసర్లు దయచేసి ఇక్కడ ఆగండి. రైస్ కార్డుకీ, పెన్షన్‌కీ ఇంటి కరెంటు వాడకం సగటున నెలకి 300 యూనిట్లు దాటకూడదని అర్హతల్లో పెట్టారు. మా ఇంట్లో పని చేసే అమ్మాయి వాళ్ళది ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు, అన్నదమ్ములు విడిగా వండుకుంటారు గానీ మీటరు ఒకటే. వాళ్ళ అత్తగారి పెన్షన్‌కి అభ్యంతరం వచ్చింది, కాగితం మీద ఆరు నెలల సగటు 306 అని ఉంది. ఆరు యూనిట్లు! నేను వాట్ మీటరు పట్టుకుని వెళ్ళి చూశాను, ఏసీ లేదు, గీజర్ లేదు, రెండు సెట్‌టాప్ బాక్సులు, పాత ఫ్రిజ్ స్టెబిలైజరు, ఎవరూ వాడని ఒక డీవీడీ ప్లేయర్, అన్నీ కలిపి 28 వాట్లు, నెలకి 20 యూనిట్లు. ఎవరూ చూడని టీవీ కింద బాక్సు వెలుగుతూ ఉన్నందుకు ఒక ముసలావిడ పెన్షన్ కోసం సచివాలయం చుట్టూ తిరిగింది. మీటర్లు విడగొట్టుకోవాలి అనేది వేరే కథ, దానికి ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి.

3. అద్దెకుండేవాళ్ళు. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని ఓనరు చెప్పిన రేటు కట్టేవాళ్ళకి స్లాబు కూడా వర్తించదు, మొదటి యూనిట్ నుంచీ అదే రేటు.

4. అగ్గి. జనానికి బోర్డు కావాలి, మంచిది దొరకదు, అప్పుడు నూటయాభై రూపాయలది కొంటారు. అలాంటిది నేనూ ఒకటి కొన్నాను, పైన పెద్ద అక్షరాలతో సర్జ్ ప్రొటెక్షన్ అని ఉంది. మూడు నెలలకి ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మచ్చ వచ్చి ప్లాస్టిక్ వాసన మొదలైతే స్క్రూలు విప్పాను. లోపల సర్జ్‌ని, అంటే ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీని, ఆపే బిళ్ళ ఉండాలి, లేదు, అది ఉండాల్సిన చోట ఖాళీ. ఫ్యూజు లేదు. పిన్నుల్ని పట్టుకునే రేకు ఇత్తడి కాదు, మాగ్నెట్ పెడితే టప్‌మని అంటుకుంది, మన ఉప్పుగాలికి దాని మీద అప్పుడే తుప్పు పట్టింది, తుప్పు పట్టిన చోట కాంటాక్ట్ వదులై కాలడం మొదలైంది. వైరు మా ఫోన్ చార్జర్ వైరు కంటే కొంచెం లావు. అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే కన్నం పెడతారు కాబట్టి ఏ ప్లగ్గూ గట్టిగా కూర్చోదు. ఇలాంటిదాంట్లో ఐరన్ బాక్సు పెట్టేవాళ్ళున్నారు, నీళ్ళు కాచే రాడ్ పెట్టేవాళ్ళున్నారు. మంచి 6 ఆంపియర్ల బోర్డే 1380 వాట్ల దాకా ఆగుతుంది, రెండు వేల వాట్ల గీజరు దాంట్లో పెడితే ఇంకేముంది.

ఇక మేం అడిగేవి.

1. కరెంటు అధికారులకి: బిల్లులో ఇంటి రాత్రి లోడు చూపించండి. స్మార్ట్ మీటర్లు పెట్టినచోట అరగంటకో పావుగంటకో లెక్క మీ దగ్గరే ఉంటుంది, రాత్రి 2 నుంచి 4 మధ్య అన్నిటికంటే తక్కువ ఎంత ఉందో ఒక్క లైను బిల్లు కింద ముద్రించండి, ఫ్రిజ్ ఎక్కువసేపు ఆగి ఉన్న ముక్క అందులో దొరకొచ్చు. స్మార్ట్ మీటర్ల మీద జనానికి కోపం ఉందని మీకే తెలుసు, వాటివల్ల మాకు పనికొచ్చే ముక్క ఒకటైనా చూపిస్తే అది మీకే మంచిది. పాత మీటర్లు ఉన్నవాళ్ళకి ఎర్ర లైటు లెక్కపెట్టడం ఎలాగో తెలుగులో ఒక కాగితం మీద వేసి రీడింగ్‌కి వచ్చే కుర్రాడి చేత ఇప్పించండి.

2. ప్రతి సెక్షన్ ఆఫీసులో పది వాట్ మీటర్లు పెట్టి, డిపాజిట్ కట్టించుకుని మూడేసి రోజులు అద్దెకివ్వండి. ఒక మీటరు వెల వెయ్యి రూపాయల లోపే. ఇంతకంటే చిన్న కోరిక నేను కోరలేను.

3. పాత బల్బు తీసుకుని 10 రూపాయలకి ఎల్ఈడీ బల్బు చేతిలో పెట్టిన రాష్ట్రం మనది, హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్ళో వీధి దీపాలు ఎల్ఈడీలైపోయాయి. అదే పద్ధతిలో ఐఎస్ఐ ముద్ర, మన పిన్నులు, నిజమైన ఫ్యూజు ఉన్న మాస్టర్ బోర్డులు టోకున కొనిపించి వాయిదాల మీద బిల్లులో కలిపి ఇవ్వండి. ఫ్రీగా వద్దు, ఫ్రీగా ఇస్తే అటక మీదకి వెళ్తుంది. ముందు 250 నుంచి 350 యూనిట్ల మధ్య ఉన్న ఇళ్ళకి ఇవ్వండి, ఎందుకో పైన రెండో పాయింట్లో రాశాను.

4. కేబుల్, డీటీహెచ్ వాళ్ళకి: రిమోట్‌తో ఆపితే నిజంగా ఆగే బాక్సు ఇవ్వండి. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో పనిచేసే అలన్ మైయర్ అనే ఆయన స్టాండ్‌బైలో ఏ వస్తువైనా ఒక వాట్ దాటకూడదని 1990ల చివర్లోనే మొత్తుకున్నారు, ఐరోపాలో చాలా రకాల ఇంటి పరికరాలకి 2013లోనే అర వాట్ హద్దు పెట్టారు, గడియారం లాంటిది వెలిగేవాటికి అప్పట్లో ఒక వాట్. మీ బాక్సుకి పదకొండు ఎందుకు? పూర్తిగా ఆపితే మళ్ళీ లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది అంటారు, నిజమే, సీరియల్ మొదలైపోయిందని మా ఇంట్లో నాకు అక్షింతలు పడ్డాయి కూడా. అందుకే అర్ధరాత్రి నుంచి తెల్లారి దాకా అయినా తనంతట తనే లోతుగా నిద్రపోయే సెట్టింగ్ కంపెనీ నుంచే పెట్టి పంపండి, కావాలంటే మేం మార్చుకుంటాం. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీ ఆన్ చేస్తే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని బీఈఈ (స్టార్ లేబుళ్ళు ఇచ్చే కేంద్ర సంస్థ) రూల్ పెట్టలేదా, ఇదీ అలాంటిదే.

5. షాపుల వాళ్ళకి: ఐఎస్ఐ లేని బోర్డు అమ్మకండి. మీ బేరం మీది, తెలుసు, కానీ కొన్నవాడి ఇల్లు కాలితే మీ బిల్లు కూడా ఉండదు, ఎందుకంటే మీరు బిల్లు ఇవ్వరు. అధికారులు పండగ ముందు స్వీట్ షాపుల మీద చేసినట్టు ఇక్కడా అప్పుడప్పుడు తనిఖీ చేస్తే బావుంటుంది.

6. బిల్డర్లకీ, ఎలక్ట్రీషియన్లకీ, కార్పెంటర్లకీ: టీవీ పాయింటుకి, ఏసీ పాయింటుకి స్విచ్ గుమ్మం పక్కన లైటు స్విచ్‌ల బోర్డులోకి తెచ్చేయండి. కట్టేటప్పుడు రెండు మీటర్ల వైరు, ఒక స్విచ్, అంతే ఖర్చు. ఇది గనక ఉంటే నేను పైన రాసిన స్మార్ట్ బోర్డు సగం ఇళ్ళకి అక్కర్లేదు, నాకు తెలిసి ఈ మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే, కానీ దీన్ని అమ్ముకునేవాడు లేడు కాబట్టి ఎవరూ చెప్పరు. రౌటర్, ఫ్రిజ్, ఆక్సిజన్ మిషన్ లాంటివి మాత్రం ఆ స్విచ్ మీద పెట్టకండి.

7. గవర్నమెంటు ఆఫీసులు ముందు మొదలుపెట్టాలి. మూడోసారి కాగితం ఇచ్చిన రోజు సాయంత్రం ఆరింటికి ఆ హాల్లో ఎవరూ లేరు, పదిహేడు మానిటర్ల కింద పసుపు లైట్లు వెలుగుతున్నాయి, నాకు అదో జబ్బు పట్టుకుంది, ఎక్కడికెళ్ళినా లైట్లు లెక్కపెడుతున్నాను.

నా మూడు అర్జీల నకళ్ళూ నా దగ్గరున్నాయి, మొదటిదాని మీద ఆఫీసు రౌండు స్టాంపు కూడా స్పష్టంగా పడింది. ఈ డిసెంబర్ 14 లోపల కనీసం ఒకటో, రెండో పాయింట్ల మీద అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే కొత్త టారిఫ్ మీద ఈఆర్సీ (కరెంటు రేట్లు నిర్ణయించే నియంత్రణ మండలి) పెట్టే బహిరంగ విచారణలో పేరు నమోదు చేయించుకుని, ఆ సెట్‌టాప్ బాక్సునీ వాట్ మీటర్నీ సంచిలో వేసుకొచ్చి అందరి ముందూ ప్లగ్గులో పెట్టి చూపిస్తాను. ఈలోగా మురళీనగర్ చుట్టుపక్కల ఎవరికైనా వాట్ మీటరు కావాలంటే ఆదివారం పొద్దున్న మా పార్కింగ్ దగ్గరకి రండి, రెండు రోజులు ఉంచుకుని తెచ్చివ్వండి. ప్రస్తుతానికి అది వాచ్‌మన్ దగ్గరుంది, వాళ్ళ గదిలో ఫ్రిజ్ ఎంత తింటుందో చూస్తాడంట.

ఇట్లు,
మురళీనగర్ నుంచి ఒక గృహ వినియోగదారుడు,
విశాఖపట్నం